ఒంటి చేత్తో రాని మూత

పిల్లలూ, మొన్న మీలో పెద్దది తాళంచెవుల గుత్తికి తగిలించుకునే పెప్పర్ స్ప్రే కొనిపెట్టమని అడిగినప్పుడు నేను మాట మార్చేశాను. కొననని కాదు. మీ పిన్ని సంగతి చెప్పకుండా అది మీ చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఇంత దూరాన పెరుగుతున్నారు కాబట్టి ఈ కథ మీ చెవిన పడలేదు. మనవాళ్ళెవరూ దీన్ని గొంతెత్తి చెప్పరు కూడా. భయమేస్తే దీపం వేసుకోండి. కానీ చివరిదాకా వినండి.

అప్పట్లో పిన్ని రైల్వే స్టేషన్ పక్కన బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేసేది. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళ కోట్లు వదులు చేయడం. బాబాయికి ఓడ మీద ఉద్యోగం, నెలల తరబడి ఇంటికి రాడు. వాళ్ళమ్మాయి అప్పుడు రెండో తరగతి. కాలు నిలవదు, నోరు మూతపడదు. అందుకే అందరూ దాన్ని పిచ్చుక అనేవాళ్ళు.

చలికాలం. పని ముగించుకుని పిల్లని బడి నుంచి తీసుకొచ్చేసరికి చీకటి పడిపోయేది. పట్టాల మీది వంతెనని మరమ్మతుకని మూసేశారు. ఇక మిగిలిన దారి పట్టాల కిందుగా పోయే సొరంగం ఒక్కటే. పెద్ద పొడవేమీ కాదు. ఈ మొదట్లో నిలబడితే ఆ చివర వీధిదీపం కనిపిస్తుంది. కాకపోతే నడిమధ్యలో దీపాలు చచ్చిపోయి చాలా కాలమైంది. గోడలు ఎప్పుడూ చెమర్చి ఉండేవి. నానిన కాగితాల వాసన, తుప్పు వాసన. పైన రైలు వెళ్తే కప్పు నుంచి చుక్కలు మెడ మీద పడేవి.

ఆ నడిమధ్యలోనే పిన్నికి వెనక అడుగుల చప్పుడు వినిపించడం మొదలైంది. ఆగితే ఆగేది. నడిస్తే నడిచేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. ఎవడో వెంటపడుతున్నాడనుకుంది. ఒక మధ్యాహ్నం, భోజనం వేళలో, పెప్పర్ స్ప్రే కోసం తాళాలు చేసే ఆయన కొట్టుకి వెళ్ళింది.

"చిన్నది కావాలండీ. అరచేతిలో దాగిపోవాలి."

ఆయన గాజుబల్ల మీద వరసగా పరిచాడు. "ఇది ధారగా కొడుతుంది, దూరం పోతుంది. గురి ఉండాలి. ఇది జిగురు, మొహానికి అతుక్కుంటుంది. దీనికీ గురి ఉండాలి. ఇది తుంపర. గురి అక్కర్లేదు, మబ్బులా కమ్మేస్తుంది. ఎదురుగాలి ఉంటే మాత్రం తిరిగొచ్చి మీకే వడ్డిస్తుంది."

"సూదిలో దారమంటే కళ్ళు మూసుకుని ఎక్కిస్తాను గానీ, భయంలో గురి నావల్ల కాదు. తుంపరే ఇవ్వండి."

"అయితే ఇది తీసుకోండమ్మా. లిప్‌స్టిక్ అంతే ఉంటుంది. బొటనవేలితో మీట ఇలా నెడితే చాలు, రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది."

పిన్ని నెట్టి చూసింది. వెన్నలా జరిగింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇంత తేలిగ్గా వస్తే మా పిల్ల తీసేస్తుందండీ. దాని చేతికందని వస్తువు మా ఇంట్లో లేదు."

"పిల్లకి దూరంగా దాచండి."

"మీకు పిల్లల్లేరనుకుంటాను."

"ముగ్గురు," అన్నాడాయన. "అందుకే పొద్దస్తమానం కొట్లోనే ఉంటాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన లోపల్నించి ఇంకోటి తెచ్చాడు. మందు సీసా మూతలా గట్టిగా అదిమి తిప్పితేగానీ రాదు. "ఇది పిల్లలు తీయలేరు. కానీ రెండు చేతులూ కావాలి మరి."

"దేవుడు రెండు ఇచ్చాడు లెండి, సరిపోతాయి," అని అదే కొనుక్కుంది.

ఆ రాత్రి ఫోన్లో బాబాయి వెక్కిరించాడు. "దానికంటే కారప్పొడి పొట్లం నయం కదే! కూరలోకీ పనికొస్తుంది."

"నీకేం, సముద్రం మధ్యలో కూర్చుని ఎన్నైనా చెబుతావు," అంది పిన్ని. ఫోన్ పెట్టేశాక డబ్బా మీది చిన్నక్షరాలన్నీ చదివింది. పాపం ఎవరో మామూలు మనిషైతే? వాడి కళ్ళకేమైనా అయితే? కొట్టాక నీళ్ళివ్వొచ్చా? అన్నీ ఆలోచించింది మీ పిన్ని. చేతుల లెక్క ఒక్కటే ఆలోచించలేదు.

రెండు రోజులు ఏ చప్పుడూ లేదు. మూడో సాయంత్రం సొరంగంలో దిగగానే పిచ్చుక మాటలాపేసింది.

ఆ పిల్ల ఊరుకోవడమే పిన్నిని మొదట భయపెట్టింది.

"ఏమైందే?"

"అమ్మా... నేను అడుగేసినప్పుడే ఎవరో అడుగేస్తున్నారు."

పిన్ని చెవులు రిక్కించింది. నిజమే. ఇన్నాళ్ళూ మగాడి అడుగులనుకుంది. కావు. చిన్నవి. తేలికైనవి. పిచ్చుక నడకలాగే కుడికాలు కొంచెం ఈడుస్తున్నాయి.

"వెనక్కి చూడకు. నడు."

నడిచారు. చప్పుడూ నడిచింది. దగ్గరగా... ఇంకా దగ్గరగా... పిన్ని మెడ మీద చల్లటి ఊపిరి లాంటిది తగిలింది. జేబులోంచి డబ్బా లాగింది. మూత అదిమింది. తిరగలేదు. ఒంటి చేత్తో తిరగదు.

రెండో చేత్తో పట్టుకున్న పిల్ల చెయ్యిని వదిలింది.

మూత ఊడింది. వెనక్కి తిరిగి కళ్ళు మూసుకుని నొక్కింది. బుస్సుమంది. మూసిన చోటు కదా, ఆ మబ్బుకి పోవడానికి దారి లేదు. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి ఆవిడనే కమ్మేసింది. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. గొంతు బిగుసుకుపోయింది. మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాచి వెతికింది.

"పిచ్చుకా! ఎక్కడున్నావే?"

"అమ్మా!" ఎడమ పక్క నుంచి.

"అమ్మా!" కుడి పక్క నుంచి.

ఒకటే గొంతు.

పిన్ని కళ్ళు తెరుచుకోవడం లేదు. ఎడమ పక్కన పిల్ల దగ్గుతోంది, ఊపిరాడనట్టు. కుడి పక్కన దగ్గు లేదు. అంత ఘాటులో... దగ్గే లేదు.

"అమ్మా, అది నేను కాదు," అని గుసగుసలాడింది కుడి పక్క గొంతు.

"దగ్గు తల్లీ," అంది పిన్ని. "నువ్వు నా బిడ్డవైతే ఒక్కసారి దగ్గు."

 కాసేపటికి కుడి పక్క కూడా దగ్గు మొదలైంది. అచ్చం అలాగే. ఎడమ పక్క పిల్లకి ఎక్కడ ఎగశ్వాస వస్తే ఇక్కడా అక్కడే. నేర్చుకుందా? లేక అంతదాకా ఊపిరి బిగబట్టుకుందా? బిగబట్టుకునే రకమే పిచ్చుక.

"పొద్దున నీ జడ ఎవరు వేశారు?"

"నువ్వే. చిక్కు తీస్తూ తిట్టావు." రెండు గొంతులూ ఒకేసారి.

పిన్ని చేతులు రెండు పక్కలా తడిమాయి. రెండు చిన్న కోట్లు తగిలాయి. తన పాత కోటు కత్తిరించి పిల్లకి తనే కుట్టింది. కింది గుండీ వెనక తనొక్కర్తే వేసే ముడి ఒకటి ఉంటుంది. ఎడమ కోటు గుండీ వెనక వేలు పెట్టింది. ముడి ఉంది. కుడి కోటు గుండీ వెనక పెట్టింది.

అక్కడా ఉంది.

అప్పుడు మీ పిన్ని ఏ తల్లయినా చేసే పనే చేసింది. ఇద్దరి చేతులూ పట్టుకుంది. "పదండి, ఇద్దరూ పదండి," అంటూ ఏడుస్తూ, గోడకి భుజం రాసుకుంటూ, పరిగెత్తింది. రెండు చేతులూ వెచ్చగానే ఉన్నాయి. రెండూ ఆవిడ వేళ్ళని గట్టిగానే పట్టుకున్నాయి.

మొహానికి బయటి గాలి తగిలింది. ఎడమ చేతిలోని పిల్ల ఆవిడతోపాటు మెట్టు ఎక్కింది. కుడి చేతిలోని పిల్ల ఆగిపోయింది. అవతల నుంచి ఎవరో లాగుతున్నట్టు బరువైపోయింది.

"అమ్మా, వదలకు... అమ్మా..."

లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. లోపలికి ఒక్క అడుగు వేస్తే అందుతుందేమో. వేయబోతే ఎడమ చేతిలోని పిల్ల కెవ్వుమంది. ఆ చేతిని వదలాలి... లేదా ఈ చేతిని వదలాలి.

కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే జారాయి.

దారినపోయే రొట్టెలమ్మే ఆయన కళ్ళు కడిగితే చాలాసేపటికి చూపొచ్చింది. ఎదురుగా పిచ్చుక. అదే మొహం, ఊడిన అదే పన్ను, ఎర్రబడ్డ కళ్ళు. ఆయన టార్చి వేసుకుని ఆ చివరిదాకా వెళ్ళొచ్చాడు. "లోపల ఎవరూ లేరమ్మా," అన్నాడు. పిన్ని పిల్లని గుండెలకి అదుముకుని ఇంటికి పరిగెత్తింది.

పడుకోబెట్టినప్పుడు పిల్ల నెమ్మదిగా అడిగింది. "అమ్మా, నన్నెందుకు వదిలేశావు?"

"మూత తీయడానికి వదిలానే, బంగారం. క్షణం సేపే."

 పిల్ల అటు తిరిగి పడుకుంది.

మూత కోసం వదిలిన చెయ్యా, మెట్టు దగ్గర వదిలిన చెయ్యా, ఏ సంగతి అడిగిందో పిన్నికి ఇప్పటికీ తెలియదు. మళ్ళీ అడిగే ధైర్యం ఆవిడకి లేదు.

వంతెన ఎప్పుడో తెరిచేశారు. ఆ సొరంగంలో ఇప్పుడెవరూ నడవరు. పిన్ని మాత్రం వీలైనప్పుడల్లా ఒక నీళ్ళ సీసా పట్టుకెళ్ళి ఆ మెట్టు మీద పెట్టి నిలబడుతుంది. లోపల్నించి దగ్గు వినిపిస్తుంది. నేను నమ్మక ఒకసారి తోడు వెళ్ళాను. విన్నాను. పిచ్చుక ఇప్పుడు పెద్దదైంది, మీరు ఫోన్లో మాట్లాడుతూనే ఉంటారు కదా, గొంతు మారింది. లోపలి దగ్గు కూడా చిన్నపిల్లది కాదిప్పుడు. అదీ ఏటేటా ఎదుగుతోంది.

మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. ఆ సొరంగంలోకి దిగొద్దని కూడా చెప్పండి. కానీ పిన్ని నడవలేని రోజు వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ఆ మెట్టు దాకా నీళ్ళు పట్టుకెళ్ళాలని... అది కూడా చెప్పండి.