చురక

విశాఖపట్నంలో జనం పాటలు వినడం మానేశారు. పాటల మీద అభిప్రాయాలు మాత్రం పుచ్చుకునేవారు. ఆ సౌకర్యం కల్పించిన యంత్రం పేరు చురక.

అది పనిచేసే తీరు సులభం. సమీక్షకుడు తలకు స్టీలు పట్టీ పెట్టుకుని కొత్త పాట వింటాడు. పట్టీలోని సెన్సర్లు అతని మెదడులో కలిగిన భావాన్ని రికార్డు చేస్తాయి. కంప్యూటర్ దాన్ని కుదించి, చందాదారులు చెవి వెనక అంటించుకున్న బిళ్ళలకు పంపుతుంది. రెప్పపాటులో ఆ భావం వాళ్ళదైపోతుంది. వెంట సమీక్షకుడి మాట ఒకటి వినిపిస్తుంది. ఇక పాటతో పనేముంది?

సమీక్షకుడు శ్రీకర్ ఏ పాటనూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒక పెళ్ళి పాటను "వంట రానివాడు కారం గుప్పించినట్టుంది" అన్నాడు. ఇంకొక దాన్ని "పాడుతున్నాడా, పుక్కిలిస్తున్నాడా?" అన్నాడు. ఇలాంటి మాటలకు చదువూ అక్కర్లేదు, సాధనా అక్కర్లేదు. అయినా ఊరు వాటికి మరిగింది. చీకటితో లేచి గొంతు సాధన చేసేవాళ్ళను, పొద్దెక్కాక లేచినవాళ్ళు ఆవలిస్తూ తీసిపారేసేవారు. దాన్నే అభిరుచి అనుకునేవారు.

ఎస్తేరు చర్చిలో పాడి పెరిగిన పిల్ల. బట్టల షాపులో ఉద్యోగం మానేసి, సొంతంగా 'ఉప్పుగాలి' అనే పాట చేసింది. అది నిలబడకపోతే మళ్ళీ ఆ షాపులో చీరలు మడతపెట్టాల్సిందే. శ్రీకర్ దాన్ని "మూగవాళ్ళు అదృష్టవంతులనిపించే పాట" అన్నాడు. సాయంత్రానికి ఆమె తల్లి కూడా మొహం చిట్లించి, అదేం పాటే అంది. విన్నావా అని అడిగితే, వినడమెందుకు, తెలుస్తూనే ఉందిగా అంది.

ఎస్తేరు తిన్నగా ల్యాబుకు వెళ్ళింది. యంత్రం చేసిన డాక్టర్ భ్రమరాంబ, శ్రీకర్ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"నా పాట ఎంతవరకు విన్నారు సార్?"

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినాలా అమ్మా?"

భ్రమరాంబ ఆ పాటకు పట్టీ తీసిన రికార్డింగును తెర మీదకు తెచ్చింది. గ్రాఫు చూసి ఆగిపోయింది. పాట మొదలుకాక ముందే అసహ్యం గీత పైకి లేచి ఉంది. పాత పాటల గ్రాఫులు తీసింది. అన్నిటిలోనూ అదే వరస. అప్పుడామె పట్టీని తన తలకే పెట్టుకుని, ఏ పాటా లేకుండా కూర్చుంది. కణతలు నొక్కుకుపోయాయి. అదే గీత, అదే ఎత్తు.

పట్టీ బిగువు. ఊరు ఇన్నాళ్ళూ గొప్ప అభిరుచి అనుకున్నది, పట్టీని బిగించే ఒక మరమేకు పెట్టిన నొప్పి.

ఆమె ఆ మరమేకు వదులు చేసింది. శ్రీకర్ 'ఉప్పుగాలి' చివరిదాకా విన్నాడు. కళ్ళు తుడుచుకుని, బాగుందన్నాడు. ఆ ప్రశాంతత అందరి బిళ్ళలకూ చేరింది.

మర్నాటి నుంచే ఫిర్యాదులు. బిళ్ళ పాడైందని కొందరు, సమీక్షకుడు లంచం తిన్నాడని కొందరు. బాగుందని తెలిసిన పాటను వినాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. చందాలు రాలిపోయాయి.

వారం తిరగకుండా ఎస్తేరు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

"తిట్టినప్పుడు బస్సులో నన్ను గుర్తుపట్టేవాళ్ళు మేడం. నిన్న ఒక పెళ్ళిలో పాడతానని వెళ్తే, మీరెవరని అడిగారు."

భ్రమరాంబ అలా పేరు తెచ్చుకోవడం తప్పని చెప్పింది. నొప్పిని అభిప్రాయమని అమ్మడం మోసమంది. శ్రీకర్ ఆ మాటలేవీ పట్టించుకోకుండా కుర్చీలో కూర్చుని తల ముందుకు వంచాడు.

"ఇవాళ ఎవరి పాట?" అన్నాడు.

"నాదే సార్, కొత్తది," అంది ఎస్తేరు. స్క్రూడ్రైవర్ తీసి డాక్టర్ చేతిలో పెట్టింది. "కాస్త గట్టిగా బిగించండి మేడం."