బెన్నీ నాటిన ముళ్ల చెట్లు

పొద్దున ఏడు గంటలకే సామ్రాజ్యం పెరడంతా శుభ్రం చేసేసింది. మర్నాడు కొడుకు బెన్నీ చనిపోయిన నలభయ్యో రోజు ఆదరణ కూడిక. కొమరోలు నుంచి పాస్టరుగారు వస్తారు, చుట్టాలొస్తారు, షామియానా వేయాలి. ఊరికే కూర్చుంటే గుండె పగిలిపోతుందని ఆ తల్లి నలభై రోజులుగా ఏదో ఒక పని మీద పడుతూనే ఉంది.

నీళ్ల బిందెతో వచ్చిన కోడలు రెబెకా అక్కడే ఆగిపోయింది. టమోటా చెట్లు కాయలతో అట్లాగే ఉన్నాయి. పక్క మడి మాత్రం బోసిగా ఉంది.

"అత్తా, ఇక్కడుండే చెట్లేవి?"

"చెట్లేంది? ఆ బ్రహ్మదండి ముళ్లా? పీకి దిబ్బలో పారేసినా. రేపు పిల్లోళ్ల కాళ్లకు గుచ్చుకోవూ?"

రెబెకా బిందె దించి దిబ్బ దగ్గరికి పరుగెత్తింది. ఇంకేముంది! పక్కింటి మేకలు ఆకులు నమిలేశాయి, వేర్లు ఎండకు వడలిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"అవి కలుపు కాదత్తా! ఆర్టిచోక్ అని, మొగ్గలు వండుకుని తినే చెట్లు. బెంగుళూరులో తను వంట చేసే హోటల్ నుంచి విత్తనాలు తెచ్చి నాటినాడు నీ కొడుకు. సెలవైపోయి తిరిగి ఆడికి పోయిన నెలకే బండి మీంచి పడి పానం పాయె. ఆయన చేత్తో నాటినవి, నాకు మిగిలినవి అవే. వాటినీ పెరికేసినావు గదా!"

సామ్రాజ్యం ముఖం పాలిపోయింది. ఆ వెంటనే ఉక్రోషం ముంచుకొచ్చింది.

"తెలిస్తే పెరుకుతానా? నువ్వు చెప్పినావా? నలభై దినాల్నుంచి నా బిడ్డ మాట ఒక్కటన్నా నా కాడ ఎత్తినావా? వాడు నీకొక్కదానికే చచ్చిపోయినాడా?"

రెబెకా కూలబడి ఏడ్చింది.

"ఆయనే చెప్పొద్దన్నాడత్తా. ఈస్టరుకు మొగ్గలు కోసి నీకు వండి పెడతానన్నాడు. 'ఊరందరికీ వండినా, మా అమ్మ ఒక్కసారీ నా చేతి వంట తినలేదు' అన్నాడు. పోయినాక నాకే చెప్పబుద్ధి కాలేదు. ఆ ఒక్క మాటన్నా నా దగ్గరే ఉండనీ అనుకున్నా. తప్పే."

సామ్రాజ్యం గోడ పట్టుకుంది. సెలవుకొచ్చిన కొడుకు పొయ్యి దగ్గరికొస్తే, 'ఆడ వండేది చాలదా నాయనా, పోయి కూచో' అని తరిమింది తనే. ఒక్కసారి కాదు, వచ్చిన ప్రతిసారీ. వాడు నవ్వుతూ వెళ్లి మంచం మీద కూర్చునేవాడు.

"అయ్యో, నేనే గదా వాణ్ని వండనీయలేదు!" అంటూ కోడలి పక్కన మట్టిలోనే చతికిలబడింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎట్ల వండుతానన్నాడు?"

"ఉప్పు నీళ్లల్లో నిమ్మకాయ రసం పిండి, మొగ్గలు ఉడకేస్తాడంట. మన టమోటాలు, ఎల్లిపాయ వేయించి పైన పోస్తాడంట. ఒక్కో రేకూ పీకి నీ నోటికే అందిస్తానన్నాడత్తా."

"ఇంకా?"

"అంతే. అంతవరకే చెప్పినాడు."

సామ్రాజ్యం కోడలిని దగ్గరకు లాక్కుంది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు తల్లీ."