బ్రేకులు లేని చక్రాలు

ఆ రోజు నేను మంచి మాటలేమీ మాట్లాడలేదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తప్పుపట్టకండి. మందను తోలుకుపోయేవాడి మీదికి ఎవరైనా దూసుకొస్తే మంచి మాటలు రావు.

మార్చి నెలాఖరు. పెనుకొండ దగ్గర గొర్రెల్ని రోడ్డు దాటిస్తున్నాను. వాలు పైనుంచి ఒక అమ్మాయి జారుకుంటూ వస్తోంది. కాళ్లకు చక్రాలు బిగించిన సన్నటి పలకలు, చేతుల్లో రెండు పొడవాటి కర్రలు.

"పక్కకు తోలప్పా, పక్కకు తోలు!"

"నువ్వే బ్రేకెయ్యి!"

"వీటికి బ్రేకులు లేవు!"

అంటూనే వచ్చి మా పొట్టేలు మీద పడింది. బొచ్చు ఒత్తుగా ఉండబట్టి ఇద్దరికీ ఎముకలు మిగిలాయి.

"బ్రేకుల్లేని బండి ఎవరన్నా తోల్తారా?" అని అరిచాను.

"నీ గొర్రెలకు ఉండాయా బ్రేకులు?" అంటూ లేచి, పొట్టేలు వీపు నిమిరింది. "పాపం, దీనికేం దెబ్బ తగల్లేదు కదా?"

మోచేయి గీరుకుపోయి రక్తం వస్తున్నా ముందు పొట్టేలు గురించే అడిగింది. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

పేరు చాముండేశ్వరి. ధర్మవరం మగ్గాల వీధి పిల్ల. సరిహద్దు దళంలో చేరి, మంచు మీద స్కీలతో మైళ్లకొద్దీ పరుగెత్తే పందెగత్తె అయింది. మంచు లేనప్పుడు సాధన ఈ చక్రాల మీదట.

"ధర్మవరంలో మంచు పందెగత్తెనా?" అని నవ్వాను.

"పుట్టకూడదని యాడన్నా రాసిండారా?"

సీజన్ చివరి పందెంలో కాళ్లు మొరాయించి, గీత దాటకముందే కూలబడిందట. కోచ్ సెలవిచ్చి, చక్రాలు ముట్టొద్దన్నాడు. ఒళ్లు కోలుకోకుండా వస్తే జూన్ క్యాంపులో చోటు లేదన్నాడు. ఈమేమో పెనుకొండలో మేనత్త ఇంటికొచ్చి దొంగచాటుగా సాధన చేస్తోంది.

"వద్దన్నాక ఎందుకు చేస్తాండావు?"

"ఊరికే కూర్చుంటే భయమైతాది. ఎవరో నన్ను దాటి పోతాండారనిపిస్తాది."

మర్నాడు పొట్టేలును చూసే నెపంతో వచ్చింది. మిట్టమధ్యాహ్నం గొర్రెలన్నీ నీడన పడుకుని ఉన్నాయి. సాయం చేద్దామనుకుందో ఏమో, "లేయండి, ఆడ మంచి గడ్డి ఉండాది" అంటూ చప్పట్లు కొట్టి మందనంతా లేపేసింది.

మా అవ్వ ఉలిగమ్మ కర్ర ఎత్తింది. "ఓయమ్మో! నెమరేసేటప్పుడు లేపుతావా పాపా? మేసినప్పుడు కాదే, పండుకున్నప్పుడే అది ఒంటికి పట్టేది!"

చాముండేశ్వరి బిక్కమొహం వేసింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, చక్రాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే పెట్టుకో శంకరా. నేనడిగినా ఇయ్యొద్దు."

అడక్కుండా ఉంటుందా? రోజూ అడిగింది. ఒక్క రౌండేనంది, ఒట్టేసింది, అలిగింది. నేను ఇవ్వలేదు. నేను హిందూపురానికి గొర్రెల మందుకు పోతే నా వెంటే బండెక్కి వచ్చి, చెరకురసం తాగి, నా గ్లాసూ లాక్కుంది. మధ్యాహ్నాలు అవ్వ పక్కన గురకపెట్టి నిద్రపోయింది. గురక లేదని నాతో పోట్లాడింది కూడా.

మే నెలలో ఒకనాడు తెల్లవారుజామున పెనుకొండ కొండెక్కి దిగి, మంద దగ్గరికి పరుగున వచ్చింది.

"శంకరా, కాళ్లు తేలిగ్గా ఉండాయి! నా కాళ్లు నాకొచ్చేసినాయి!"

సంతోషంతో గంతేశాను. ఆనక గుర్తొచ్చింది. చక్రాలు తిరిగిచ్చే రోజే ఆమె వెళ్లిపోయే రోజు.

ధర్మవరం స్టేషన్‌లో ఢిల్లీ రైలొచ్చి ఆగింది. చక్రాల సంచి అందించాను. నా చెయ్యి మాత్రం సంచిని వదల్లేదు.

"ఇస్తాండావా, దాచుకుంటావా?"

"దాచుకోవాలనే ఉండాది. వీటిని కాదు, నిన్ను. నువ్వంటే నాకు ప్రాణం చామూ."

"ఈ మాట చెప్పేదానికి రైలు దాకా ఆగినావా? నత్త నయం కదప్పా!" కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. "నువ్వు ఆపకపోయుంటే నేనీ రైలు ఎక్కేదాన్నే కాదు శంకరా. ఈ కాళ్లు మీ అవ్వ పెట్టిన భిక్ష. మళ్లీ సెలవులకు నీ దగ్గరికే వస్తా."

"ఏమప్పా!"

ఉలిక్కిపడ్డాను. వెనక వాళ్ల నాయన చౌడప్ప, నేతగాడు. అంతా విన్నట్టే ఉన్నాడు. మా ఇంట మంద, వాళ్లింట మగ్గం. ఇంక తిట్లు తప్పవనుకున్నాను.

"మగ్గానికి కొత్త పడుగు ఎక్కించల్ల. మీ అమ్మకు ఏ రంగు ఇష్టం?"

"ఎందుకు సార్?"

"వియ్యపురాలికి బజారు చీర పెడితే మా వీధిలో నగుబాటు కదప్పా!"

మా అమ్మకు ఏ రంగు ఇష్టమో ఎన్నడన్నా అడిగితే కదా!

"కనుక్కొని చెప్తా... మామా."

రైలు కదిలింది. కిటికీలోంచి చాము నవ్వు చాలా దూరం వినబడింది.

ఇంటికి రాగానే అమ్మను రంగు అడగాలి. నేను మాత్రం ముందు దొడ్లోకి పోయి, పొట్టేలుకు దోసెడు వేరుశనగ కాయలు పెట్టి, దాని మెడ కౌగిలించుకున్నాను. ఆ రోజు అది రోడ్డుకు అడ్డంగా నిలబడింది కదా!