గాలిలో పెళ్ళిచూపులు

"గాలి వీచేరోజు కూడా చెరువు మీదికి పోయేవాడికి నా పిల్లనివ్వను!" వెర్లీన్ తెగేసి చెప్పింది.

హోలిస్ వరండా మెట్ల కింద టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గ్రెనడా చెరువులో జనాన్ని పడవెక్కించుకుని చేపలు పట్టించడమే అతని బతుకుతెరువు. ఆవిడ కూతురు మేవిస్ అంటే రెండేళ్ళుగా ప్రాణం.

"నీకు స్నానాలతొట్టి అన్నా భయమే అమ్మా" అంది మేవిస్.

"మన చర్చిలో పియానో వాయించే ఆవిడ తొట్టిలో జారి తుంటి విరగ్గొట్టుకోలేదూ?"

"వెర్లీన్ గారూ, ఒక్కసారి నా పడవెక్కండి. గాలిరోజే. తర్వాత మీరు వద్దంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను" అన్నాడు హోలిస్.

మేవిస్ గబుక్కున అతని వైపు తిరిగింది. "నన్నడక్కుండా మాటిచ్చేస్తావా?"

"అమ్మ దీవించందే పెళ్ళొద్దన్నది నువ్వేగా?"

"సరే, ఒక్కసారే. శనివారం వస్తాను" అంది వెర్లీన్.

శనివారం పొద్దున్నే గాలి లేచింది. వెర్లీన్ ఒకదాని మీద ఒకటి రెండు లైఫ్ జాకెట్లు వేసుకుంది. బీమా కాగితాలు పిండిడబ్బా వెనకున్నాయని చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించింది. అప్పుడు గానీ గడప దాటలేదు.

హోలిస్ పడవని ఒక పాయలోకి తిప్పి, గాలికి ఎదురుగా మూతి పెట్టి, నీళ్ళలో నిలబడ్డ ఎండుచెట్టుకి కట్టాడు. ఎర బకెట్ అందిస్తూ మేవిస్ అతని వేళ్ళని ఒక్క క్షణం ఎక్కువే పట్టుకుంది. వెర్లీన్ దగ్గింది.

"చూశారా, గాలికి దారం విల్లులా వంగుతోంది. అందుకే బరువైన సీసం గుండు కట్టాను. ఇప్పుడు నిటారుగా దిగుతుంది" అని గెడ ఆవిడ చేతికిచ్చాడు.

"చేప లాగితే నేనూ నీళ్ళలో పడతానేమో!"

"ఇక్కడ దొరికే క్రాపీ చేప లాగదండీ. కిందనుంచి పైకొచ్చి ఎర అందుకుంటుంది. బిగిసున్న దారం ఉన్నట్టుండి వదులైతే అదే వచ్చినట్టు. మెల్లగా ఎత్తండి, దాని మూతి కాగితంలా ఉంటుంది."

దారం వదులైంది. వెర్లీన్ "అమ్మో!" అని బలంగా గుంజింది. చేప మూతి చిరిగి జారిపోయింది.

"పోనివ్వండి. నేనైతే మొదటి ఏడాదంతా గుంజుతూనే ఉన్నాను" అంటూ ఇంకో చిరుచేపని గాలానికి గుచ్చాడు.

రెండోసారి ఆవిడ ఊపిరి బిగబట్టి మెల్లగా ఎత్తింది. నల్లచుక్కల వెండిచేప, చేటంత వెడల్పు, పైకొచ్చింది! వెర్లీన్ పకపకా నవ్వింది. అమ్మ అలా నవ్వి ఎన్నేళ్ళయిందో మేవిస్‌కి గుర్తు రాలేదు. హోలిస్ మేవిస్ వంక చూశాడు. గాలికి జుట్టంతా మొహం మీద పడుతున్నా ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి.

ఇంకోటి పడింది. ఇంకో రెండు పడ్డాయి. అంతలో పాయ మొగలో తెల్లటి నురగతో పెద్ద అలలు లేచాయి. హోలిస్ తాడు విప్పాడు.

"అదేంటి, ఇప్పుడేగా తినడం మొదలుపెట్టాయి? ఇంకొక్కటి!" అంది వెర్లీన్.

"లేదండీ. పోదాం."

మేవిస్ అతని చెవి దగ్గర గుసగుసలాడింది. "పిచ్చివాడా! ఆవిడ చేతిలోనే మన పెళ్ళుంది. ఒక్కటి పట్టుకోనీ."

"ఆవిడ వద్దంటే ఎలాగో బతుకుతాను మేవిస్. ఆ అలలు ఇటు తిరిగి మీ ఇద్దరికీ ఏమైనా అయితే బతకలేను."

దారంతా వెర్లీన్ మూతి ముడుచుకునే కూర్చుంది. రేవులో దిగాక ఒక జాకెట్ విప్పింది. రెండోదీ విప్పింది. రెండింటినీ పడవలో పడేసింది. మేవిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హోలిస్ టోపీ తీశాడు. "సరేనండీ. మాటంటే మాటే. వెళ్తాను."

"ఎక్కడికోయ్?" వెర్లీన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఇరవై నాలుగేళ్ళుగా దీని గురించి ఒక్కదాన్నే భయపడి చస్తున్నాను. నాకంటే ముందు భయపడేవాణ్ణి ఇవాళే చూశాను. పిల్లని తీసుకో నాయనా, దాంతో పాటు నా భయంలో సగం కూడా తీసుకో."

"తీసుకుంటానండీ" అన్నాడు హోలిస్.