కదలని బండి మైలేజీ

శనివారం పొద్దున ఏడున్నరకి మామగారు కళ్లజోడు తుడుచుకుని నీలం అట్ట పుస్తకం తెరిచాడంటే కోడలికి ఇక కాఫీ సయించదు. ఎనిమిది నెలలుగా ఇదే తంతు. శుక్రవారం సాయంత్రం ఆమె కారుకి పెట్రోలు పోయించాలి. పక్క సీట్లో ఆయన కూర్చోవాలి. ట్యాంకు మెడదాకా నిండి గొట్టం టక్కుమని ఆగాక, కిలోమీటర్ల అంకె రాసుకుని, దాన్ని ఆయనే తన వేలితో సున్నా చెయ్యాలి. తెల్లారాక లెక్క కట్టి ఇంటిల్లిపాదికీ వినిపించాలి.

ఆయన ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపినవాడు. ఆయన పనిచేసిన డిపోలో ఏ డ్రైవరు లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో నెలనెలా బోర్డు మీద రాసేవాళ్లు. తక్కువ తెచ్చినవాణ్ని నలుగురి ముందూ నిలబెట్టి కడిగేసేవాళ్లు. ఈయన ఎప్పుడూ పై వరుసలోనే ఉండేవాడు. రిటైరై ఆరేళ్లయినా ఆ బోర్డు ఆయన బుర్రలోంచి దిగలేదు. ఇప్పుడు దాని మీద మిగిలిన డ్రైవరు కోడలొక్కతే. పైగా అన్నేళ్లు ఇంజను పక్కన కూర్చుని చెవులు మందగించాయేమో, ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది.

"ఏడు పాయింట్ ఆరు," అన్నాడాయన.

కోడలు కప్పు కింద పెట్టింది. "మామయ్యా, ఇవాళ సెలవు. కాస్త ప్రశాంతంగా కాఫీ తాగనివ్వండి."

"తాగు, ఎవరొద్దన్నారు? కంపెనీవాడు పదిహేనని రాశాడు. నువ్వు అందులో సగం తెస్తున్నావు. కుడికాలు అంత బరువుగా ఉంటే ఎలా?"

ఆమెకి ఒళ్లు మండింది. కంపెనీవాడు రాసింది ఖాళీ రోడ్డు మీద, ఏసీ లేకుండా నడిపితే వచ్చే అంకె అని ఆయనకి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆమె ఓ రక్తపరీక్షల ల్యాబులో సూపర్‌వైజరు. పొద్దున్నే ట్రాఫిక్‌లో ఇరవై అయిదు కిలోమీటర్లు వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ అంతే దూరం వస్తుంది. స్కూటరు మీంచి పడి మణికట్టు విరిగిన ఏడాదే, పదకొండేళ్లుగా దాచుకున్నదంతా పెట్టి ఈ పెద్ద కారు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుంది. తోలు సీట్లు, నడుము నొక్కే మీట, తలుపు వేస్తే బయటి రొద లోపలికి రాని అద్దాలు. మామగారు మాత్రం మొదటిరోజే దానికి 'భోషాణం' అని పేరు పెట్టేశాడు.

భర్త పేపరు మడిచాడు. స్కూల్లో లెక్కల మాస్టారు, ఇంట్లో గోడమీద పిల్లి. "పోనీ, ఈ రోజువారీ గొడవెందుకు, అమ్మేసి చిన్నది తీసుకుంటే పోలా? మా హెడ్మాస్టరు రేపు చూడ్డానికి వస్తానన్నారు," అన్నాడు.

"రేపా?" అంది ఆమె. "నా కారు చూడ్డానికి నన్నడక్కుండా మనిషిని పిలిచారా?"

ఆ తర్వాత ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. మామగారు డిపో రోజులు తీశాడు, ఆమె విరిగిన మణికట్టు తీసింది, భర్త ఇద్దరికీ సర్దిచెప్పబోయి ఇద్దరితోనూ తిట్లు తిన్నాడు. పొయ్యి దగ్గర అత్తగారు ఎవరివైపూ చూడకుండా పాలు పొంగకుండా కలుపుతోంది. ఆవిడ ఎప్పుడూ అంతే. ఆ ఇంట్లో ఆవిడ గొంతు విని ఎన్ని రోజులైందని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు.

కోడలు తాళం లాక్కుని నేరుగా సర్వీసు సెంటరుకి పోయింది. ల్యాబులో డాక్టరుగారిదీ ఇదే మోడలు, ఇదే ట్రాఫిక్. ఆయనకి పది తగ్గడం లేదు. మరి తనకెందుకు తగ్గుతోంది? తన కాలు బరువైనది కాదని కాగితం మీద రాయించుకుని ఆ ముసలాయన ముందు పడెయ్యాలి. దారిపొడుగునా ఆమె అనుకున్నది ఇదొక్కటే.

మెకానిక్కు కారుకి కంప్యూటరు తగిలించి చాలాసేపు చూశాడు. బండికి ఏ జబ్బూ లేదన్నాడు. మీరు నడిపే తీరు కూడా బాగుంది మేడమ్ అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత అతను ఒక గీత కింద గోరుతో నొక్కి చూపించాడు. గడిచిన నెల రోజుల్లో బండి గేరు పార్కింగులో ఉండి, ఇంజను మాత్రం నడిచిన సమయం ముప్పై మూడు గంటలు. సిగ్నళ్ల దగ్గర ఆగింది కాదు, ఒక్కోసారి గంట, గంటన్నర. పొద్దుటా సాయంత్రమా అన్నది ఇందులో తెలియదట.

ఆమెకి చప్పున వెలిగింది. తెల్లవారకముందే లేచే మనిషి ఇంట్లో ఒక్కడే. ఇంజను వేడెక్కించకుండా బండి కదిపితే దాని ఉసురు తగులుతుందని పదిసార్లు చెప్పినవాడూ ఆయనే. డిపో అలవాటు. రోజూ చీకటితో లేచి గోడల్లేని రేకుల షెడ్డులో ఇంజను ఆన్ చేసి వదిలేయడం, శనివారం తన కాలిని ఆడిపోసుకోవడం. తల కొట్టేసినట్టున్న ఈ ఎనిమిది నెలలకీ ఇవాళ బదులు చెప్పాలనుకుంది.

భోజనాల బల్ల మీద, ఆయన కంచం పక్కనే ఆ కాగితం పరిచింది.

"ముప్పై మూడు గంటలు మామయ్యా. మీ డిపోలో ఇంజను ఉత్తినే తిప్పినవాణ్ని ఏం చేసేవాళ్లు?"

ఆయన కాగితం చదివాడు. మెడ నరాలు ఉబ్బాయి. "నేనా? ఆ భోషాణం తాళం నేనెప్పుడైనా ముట్టుకున్నానా? ముప్పై నాలుగేళ్లలో ఒక్క చుక్క వృథా చెయ్యనివాణ్ని పట్టుకుని..."

"మరి దానంతట అది తిరిగిందా? మీరు కాకపోతే ఎవరు? ఇంకెవరున్నారు ఈ ఇంట్లో?"

"నేనున్నాను," అంది అత్తగారు.

గరిటె గిన్నెలో పెట్టి చేతులు తుడుచుకుంది. ముగ్గురూ ఆవిడవైపు తిరిగారు.

"నేనే. మధ్యాహ్నం మీరు పడుకున్నాక తాళం తీసుకుని వెళ్లి కూర్చుంటాను. ఏసీ కోసం ఇంజను ఎలా ఆన్ చెయ్యాలో అబ్బాయే ఒకసారి చూపించాడు. తలుపు వేస్తే ఏమీ వినపడదు. చిన్నప్పుడు ఇంటినిండా జనం. పెళ్లయ్యాక మీ గొంతు," అంది భర్తతో. "నలభై ఒక్కేళ్లు. చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో నాకు ఆ కార్లోనే తెలిసింది."

"చెప్పొచ్చుగా అమ్మా," అన్నాడు కొడుకు.

"ఎప్పుడు చెప్పను? మీ ముగ్గురిలో ఎవరు నోరు మూసినప్పుడు చెప్పను?" అంది ఆవిడ. "మొదట్లో పదే పది నిమిషాలు కూర్చునేదాన్ని. వీళ్లిద్దరూ మైలేజీ గొడవ మొదలుపెట్టాక అరగంటైంది. గొడవ పెరిగేకొద్దీ గంటైంది. ఇవాళ పొద్దుటి రభసకి రెండు గంటలైనా చాలవు. రాసుకోండి, మీ పుస్తకంలో నన్ను కూడా రాసుకోండి."

కొక్కేనికున్న తాళం తీసుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా వెళ్లిపోయింది. వెనక షెడ్డులో కారు తలుపు మెత్తగా పడింది.

బల్ల దగ్గర ఎవరూ ముద్ద ఎత్తలేదు. కోడలు నీలం అట్ట పుస్తకం ముందుకు లాక్కుంది. కొన్న కొత్తలో పది పాయింట్ నాలుగు. మామగారు ఆమెని మొదటిసారి బరువు కాలన్న వారం తర్వాత తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆమె తిరగబడి నోరు చేసుకున్న నెల తొమ్మిది. తర్వాత ఎనిమిదిన్నర, ఎనిమిది, ఏడు పాయింట్ ఆరు. అంకె తగ్గిందని తనూ మామగారూ అరిచారు, అరిచినకొద్దీ ఆవిడ కార్లో ఇంకాసేపు కూర్చుంది, కూర్చున్నకొద్దీ అంకె ఇంకా తగ్గింది. ఎనిమిది నెలలు ఇద్దరూ కలిసి ఆవిడని ఇంట్లోంచి తరిమి, ఆ తరిమిన దూరాన్నే వారంవారం కొలుచుకున్నారు.

ఇన్నాళ్లూ ఈ ఇంట్లో అన్యాయం జరుగుతున్నది తనొక్కదానికే అనుకుంది కోడలు. అత్తయ్యని ఆ కార్లో ఎన్నిసార్లు ఎక్కించుకుందో లెక్కపెడితే రెండుసార్లు, రెండూ ఆసుపత్రికే. పుస్తకం మీద టపటపా కన్నీళ్లు పడ్డాయి. మామగారు దాన్ని వెనక్కి తీసుకోలేదు, అంకెలు చెరిగిపోతున్నాయని కూడా అనలేదు.

ఆయన లేచి వెనక తలుపువైపు నడిచాడు. మళ్లీ గొడవేనని కోడలు కంగారుగా వెంట వెళ్లి గడపలో ఆగింది. ఆయన షెడ్డులోకి వెళ్లి వేలి కణుపుతో అద్దం మీద కొట్టాడు. అద్దం జానెడు దిగింది.

"నేను కూడా కూర్చోవచ్చా?" అన్నాడు. ఆ గొంతు అంత తక్కువ స్థాయికి దిగగలదని కోడలికి ఇప్పటిదాకా తెలియదు.

లోపలినుంచి జవాబు వచ్చింది.

"మాట్లాడకుండా ఉండగలిగితే."

ఆయన చెప్పులు బయట విడిచి పక్క సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాడు. అద్దం పైకి లేచింది. భర్త హెడ్మాస్టరుకి ఫోన్ చేసి, బండి అమ్మడం లేదండీ, రేపు రావద్దు అని చెబుతుండటం వంటింట్లోంచి వినిపించింది.

మరుసటి శనివారం కూడా ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు, పుస్తకం తెరిచాడు. కానీ చదవలేదు. దాన్ని బల్ల మీదుగా కోడలివైపు జరిపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు.

"ఏడు పాయింట్ ఒకటి. మేమిద్దరం కూర్చున్నది కూడా కలిపి."

కోడలు పొయ్యి దగ్గరున్న అత్తగారిని చూసింది. ఆవిడ పాలు కలుపుతూ, వినీ విననట్టు, నవ్వాపుకుంటోంది.

"ఇంకాస్త తగ్గినా ఫర్వాలేదు మామయ్యా," అంది ఆమె, తనకి చేతనైనంత నెమ్మదిగా.