జలనేత్రం తాళంచెవి

"సాయంత్రం అయిదు. అంతకు మించి నీకు టైమ్ లేదు," అన్నాడు చీఫ్ పున్నారావు.

విజయవాడలో ఒక టైలర్ షాపు మీది గది అది. కింద కుట్టుమిషన్లు టకటకలాడుతున్నాయి, పైన రాష్ట్ర భద్రత సంగతులు నడుస్తున్నాయి. ఏజెంట్ శ్రీహర్ష నిటారుగా కూర్చుని వింటున్నాడు.

"టార్గెట్, జలనేత్రం. పల్నాడు కాలువల మీద నలభై ఆరు తూములు. నరసరావుపేట కంట్రోల్ రూమ్‌లో మౌస్ నొక్కితే గేట్లు లేస్తాయి, దిగుతాయి. పదేళ్ళ కిందట సర్కారు మొదలెట్టిన లాంగ్ టర్మ్ ప్రాజెక్టు."

"తెలుసు సార్," అన్నాడు శ్రీహర్ష. గొంతులో గర్వం దాగలేదు. "బ్యూరోలో చేరకముందు దాన్ని కట్టిన ఇంజనీరుని నేనే."

"అందుకే నిన్ను పిలిచా. మనం కొంగ అని పిలుచుకునే విదేశీ ముఠా ఒక ఫౌండేషన్ బోర్డు తగిలించుకుని వచ్చింది. తూములన్నిటికీ కొత్త మోడెమ్‌లు ఫ్రీగా బిగించింది. ఫ్రీ అంటే మనవాళ్ళు పుట్టుపూర్వోత్తరాలు అడగరు కదా. అంటే దారి వాళ్ళ చేతిలో ఉంది. తాళంచెవి కూడా, అంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా, వాళ్ళకి దొరికిందని మన డబుల్ ఏజెంట్ కబురు. ఈ రోజు అయిదింటికి విదేశం నుంచి ఒక్క కమాండ్ వస్తుంది. నలభై ఆరు గేట్లూ ఒక్కసారి లేస్తాయి. తమ హ్యాకింగ్ సరుకు కొనేవాళ్ళకి వాళ్ళు చూపించే శాంపిల్ అది."

శ్రీహర్ష కళ్ళముందు కల్లాలు కదిలాయి. మార్చి నెలాఖరు. కాలువల పక్కన ఎక్కడ చూసినా ఆరబోసిన మిర్చి, మధ్యలో కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు. నీళ్ళు మీద పడితే ఏడాది పంటతో పాటు వాళ్ళూ కొట్టుకుపోతారు.

"ఇప్పుడే కనెక్షన్లు తీసేస్తే?"

"కొంగ ఎగిరిపోతుంది, ఇంటిదొంగ మిగిలిపోతాడు. ముందు ఆ దొంగని పట్టుకో. తర్వాత పాస్‌వర్డ్ మార్చెయ్." చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. "సుల్తానా. తొమ్మిదేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు ఆపరేటర్. మోడెమ్‌ల పర్మిషన్ లెటర్ మీద ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అదే ఈఈ, సుధీర్ బాబు డిజిటల్ సంతకం ఈమె కంప్యూటర్ నుంచే పడింది. ఆ టైముకి ఆయన విజయవాడలో మీటింగ్‌లో ఉన్నాడు."

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది సార్," అన్నాడు శ్రీహర్ష.

మధ్యాహ్నం మూడింటికి నరసరావుపేట కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టినవాడు శ్రీహర్ష కాదు, యూపీఎస్ మెకానిక్ నాగార్జున. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, రెండు రోజుల గడ్డం. జేబులో కనిపించే టెస్టర్ నిజానికి ట్రాన్స్‌మిటర్. కళ్ళజోడు ఫ్రేములో కెమెరా ఉంది. చేతి వాచీలో తాళాలు కోసే లేజర్ ఉంది. మార్చి ముప్పై ఒకటి కాబట్టి ఆఫీసర్లంతా బిల్లులు చంకన పెట్టుకుని ట్రెజరీల చుట్టూ తిరుగుతున్నారు. ఆఫీసులో ఉన్నది సుల్తానా ఒక్కతే.

"వచ్చావా అన్నా? బ్యాటరీలు పోయి రెండేళ్ళయింది. ఇయ్యాళ గుర్తొచ్చామా మీ కంపెనీకి?" అంటూ ఆమె చెంబుతో మంచినీళ్ళిచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నలుపు, చేతిలో ఎప్పుడూ ఫోను.

గోడ మీది పెద్ద స్క్రీన్‌లో నలభై ఆరు పచ్చ లైట్లు వెలుగుతున్నాయి. తన చేతుల మీదుగా పుట్టిన బిడ్డ. శ్రీహర్షకి ఛాతీ కాస్త పొంగింది.

"అన్నీ పచ్చగానే ఉన్నాయే?"

"పచ్చగా లేకపోతే పైనోళ్ళు ఊరుకోరుగా," అంది సుల్తానా. ఆ మాటని అతను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదు.

సర్వర్ రాక్ వెనక్కి వెళ్ళాడు. అక్కడ గోడకి ఒక ఎరువుల కొట్టు క్యాలెండర్ వేలాడుతోంది. మెల్లిగా ఎత్తి చూశాడు. నల్ల మార్కర్‌తో, తన సొంత దస్తూరీ. హర్ష ఎట్ వన్ టూ త్రీ. దాని కింద, 'తాత్కాలికం. ఫేజ్-2 నిధులు రాగానే మార్చాలి.'

ఆ రాతని బొటనవేలితో రుద్ది చూశాడు.

"అది ముట్టుకోబాక అన్నా! పాస్‌వర్డ్ అది. ఎవరి కంటా పడకూడదని ఏటా కొత్త క్యాలెండర్ తగిలిస్తా."

"ఎవరు రాశారో?"

"శ్రీహర్ష గారని, ఇది కట్టినాయన. నేను చూళ్ళా. ఆయన వదిలిపోయిన నోట్‌బుక్ చదివే పనంతా నేర్చుకున్నా. ముత్యాల్లాంటి రాతనుకో. అంత ఓపిగ్గా రాసిపెట్టిన మనిషి ఎంత మంచోడో అనుకుంటా."

పొగడ్త తియ్యగా తగిలింది. అంతలోనే డ్యూటీ గుర్తొచ్చింది. టేబుల్ మీద ఆమె స్కూటీ తాళాల గుత్తి ఉంది. దానికి వేలాడుతూ ఒక డాంగిల్, అంటే ఈఈగారి డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ ముక్క.

"ఇదేందమ్మా?"

"ఈఈ గారి సంతకం. ఆయన ఫోన్ చేసి 'పెట్టెయ్యమ్మా' అంటే పెడతా. ఈ ఆఫీసులో మొదట్నుంచీ అంతే."

ఎంత అమాయకంగా చెబుతోంది, ముదురు, అనుకున్నాడు శ్రీహర్ష. కళ్ళజోడు కెమెరా క్లిక్‌మంది. టెస్టర్ నోటి దగ్గర పెట్టుకుని అన్నాడు, "పక్షి దొరికింది. కన్ఫర్మ్."

నాలుగున్నరకి మఫ్టీలో ఇద్దరు వచ్చారు, ఒకరు ఆడ ఆఫీసర్. సుల్తానా ఫోను స్విచాఫ్ చేసి, కవర్లో వేసి సీలు కొట్టారు. గుమ్మం దగ్గర ఆగి మెకానిక్ వైపు తిరిగింది. "ఏందన్నా ఇది? నేనేం చేశా? నువ్వన్నా చెప్పన్నా!"

శ్రీహర్ష క్యాలెండర్ వైపు చూశాడు.

వాళ్ళు మెట్లు దిగిన అయిదు నిమిషాలకి మెట్ల మీద హైహీల్స్ చప్పుడైంది. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, పేట మొత్తం వెనక్కి తిరిగి చూసే నడక. "ఈ ఊళ్ళో మంచి నిమ్మసోడా ఎక్కడ దొరుకుతుంది?"

"మార్చిలో సోడా కంటే మజ్జిగ మేలు," అన్నాడు శ్రీహర్ష.

కోడ్ కలిసింది. ఆమె దీపశ్రీ. కొంగ దృష్టిలో తమ ఫౌండేషన్‌కి ఇండియా డైరెక్టర్, బ్యూరో దృష్టిలో డబుల్ ఏజెంట్.

"ముఠా వాళ్ళు ముగ్గురు పల్నాడు రోడ్డు లాడ్జిలో కూర్చుని ఉన్నారు, తమాషా చూడ్డానికి. వాళ్ళ ఫైలు ఇప్పుడే నా చేతికొచ్చింది," అంది దీపశ్రీ. "ఇంటిదొంగని పట్టుకున్నారటగా?"

"పట్టుకున్నాం."

"పాపం, వదిలెయ్యండి. వాళ్ళకి పాస్‌వర్డ్ ఎవరూ అమ్మలేదు. మీరే ఇచ్చారు."

ఫోన్ అతని ముందు పెట్టింది. పదేళ్ళ నాటి ఫేస్‌బుక్ పోస్టు. చేతులు కట్టుకుని రాక్ వెనక నిలబడి నవ్వుతున్న కుర్ర శ్రీహర్ష. భుజం పక్కన, అద్దంలో చూసినంత స్పష్టంగా, ఆ నల్ల మార్కర్ రాత. 'నా మొదటి ప్రాజెక్టు! ప్రౌడ్ మూమెంట్!' మూడువందల పన్నెండు లైకులు.

శ్రీహర్షకి చెవులు భగ్గుమన్నాయి. నిలబడ్డ చోటే నేల చీలితే బాగుండుననిపించింది. డాంగిల్ కూడా గుర్తొచ్చింది. అప్పటి ఈఈగారి దగ్గర, "మీకెందుకు సార్ శ్రమ, నా దగ్గర ఉంచండి, నేను చూసుకుంటా," అని మొదట తీసుకున్నది తనే. ఆఫీసుకి ఆ అలవాటు నేర్పిందీ తనే. దొంగ అని ఎవరి మీద వేలు పెట్టాడో, ఆమె తన తప్పుని ఏటా క్యాలెండర్‌తో కప్పుతూ వచ్చింది.

గడియారం నాలుగూ నలభై మూడు, తూములన్నిటి దగ్గరికీ మనుషుల్ని పంపి మోడెమ్‌లు పీకించే టైము లేదు. కన్సోల్ ముందు కూలబడి పాస్‌వర్డ్ మార్చబోయాడు. స్క్రీన్ మీద ఎర్రగా మెసేజ్ వచ్చింది. లైసెన్సు గడువు తొమ్మిదేళ్ళ కిందట ముగిసింది, సెట్టింగులు మార్చడం కుదరదు. పదేళ్ళ ప్రాజెక్టుకి సర్కారు ఒక ఏడాదికి నిధులిచ్చి, మిగతా తొమ్మిదేళ్ళకీ ఆశలిచ్చింది.

మెట్లు మూడేసి దూకుతూ కిందికి పరిగెత్తాడు. చీఫ్ ఆర్డర్ కోసం ఆగి ఉన్న బొలెరోలో ఆ ఇద్దరి మధ్య సుల్తానా చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది.

"అమ్మా, అయిదింటికి ఎవరో గేట్లన్నీ లేపబోతున్నారు. కంప్యూటర్‌తో పనిలేకుండా ఆపే దారేదన్నా ఉందా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు మెకానిక్కువి కాదుగా."

"కాదు."

"గేట్లెట్టా లేస్తాయి? మోటార్లు కాలిపోయి నాలుగేళ్ళు. రిపేరుకి డబ్బుల్లేవన్నారు. రోజూ నేను లస్కర్లకి ఫోన్ చేస్తా. తూము కాడ కాపలా ఉండేది వాళ్ళేగా, చేత్తో హ్యాండిల్ తిప్పి లేపుతారు, దించుతారు."

"మరి ఆ పచ్చ లైట్లు?"

"ఎర్రగా కనపడితే పెట్టిన డబ్బు దండగని పేపర్లో పడుద్దని, ఎప్పుడూ పచ్చగానే ఉండేట్టు పెట్టించారు. అది ఉత్త బొమ్మ."

తన బిడ్డ ఎప్పుడో పోయిందని, బొమ్మకి రోజూ ఊపిరి పోస్తున్నది ఈ మనిషేనని శ్రీహర్షకి అప్పుడర్థమైంది. సిగ్గుతో పాటు, ఒప్పుకోవాలంటే, కాస్త ప్రాణం కూడా లేచొచ్చింది. లేవని గేట్లని ఏ కొంగ లేపగలదు?

"ఒక్కటి తప్ప," అంది సుల్తానా. ఆమె మొహం అప్పుడే పాలిపోయింది. "కారంపూడి కాడి తూము. పెద్దోళ్ళు ప్రాజెక్టు చూడ్డానికొస్తే అక్కడికే తోలుకుపోతారు. దాని మోటారు కొత్తది. దాని కిందే కల్లాలు. ఇయ్యాళ తొంభై మంది కూలోళ్ళున్నారు. నా ఫోనియ్యండి సార్! లస్కరు జయపాల్ బాబాయ్ ఫ్యూజు పీకితే చాలు."

"నంబర్ చెప్పు, నేను చేస్తా."

"కొత్త నంబర్లు ఎత్తడు. ఓటీపీ అడిగి ఎవడో పోయినేడు ఆయన్ని ముంచాడు. నా నంబరైతేనే ఎత్తుతాడు."

"చీఫ్ ఆర్డర్ లేనిదే సీలు తియ్యను," అంది ఆడ ఆఫీసర్.

నాలుగూ యాభై ఒకటి. లైన్ కలవడానికే మూడు నిమిషాలు పట్టింది.

"సార్, సుల్తానా ఫోను ఆమెకి ఇప్పించండి."

"మతి పోయిందా? చివరి నిమిషంలో అనుమానితురాలి చేతికి ఫోనా? కన్ఫర్మ్ అన్నది నువ్వేగా?"

"ఆమె కాదు సార్."

"మరెవరు? పేరు చెప్పు. పేరు లేకుండా సీలు తీస్తే రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేను."

సుధీర్ బాబు. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సంతకం ఆయనదే, ఎవరూ కాదనరు. అలా ఒక పేరు తన నోట్లోకి రావడమే ఆ రోజు పడ్డ సిగ్గులన్నిట్లోకీ పెద్దదని శ్రీహర్ష తర్వాత చాలా రోజులు అనుకున్నాడు. వాచీ వైపు చూశాడు. లేజర్ ఉన్న వాచీ టైము తప్ప ఇంకేమీ చెప్పలేకపోయింది. సుల్తానా రెండడుగుల దూరంలో కూర్చుని అతని పెదవులనే చూస్తోంది.

"నేనే సార్."

"ఏంటి?"

"లీక్ చేసింది నేనే. పదేళ్ళ కిందట గొప్పకి దిగిన ఫోటోలో పాస్‌వర్డ్ కనపడుతోంది. ఆ పాస్‌వర్డ్ నా పేరే. రాసిందీ నేనే, పోస్టు చేసిందీ నేనే. ఈమె చేసిందల్లా దాన్ని దాచడం."

అవతల కుట్టుమిషన్ల చప్పుడు మాత్రం వినిపించింది.

"సీలు తియ్యమను," అన్నాడు పున్నారావు.

నాలుగూ యాభై ఏడుకి మొదటి రింగు. ఎత్తలేదు. రెండోసారి. నాలుగూ యాభై తొమ్మిదికి ఎత్తాడు.

"బాబాయ్, యాడున్నావ్?"

"టీ తాగుతున్నా అమ్మాయ్."

"టీ పారబోసి పరిగెత్తు! మోటారు ఫ్యూజు పీకెయ్. ఎందుకని అడగబాక!"

స్పీకర్లో చెప్పుల టపటప, ఆయాసం, తలుపు గొళ్ళెం చప్పుడు. పైన బాల్కనీ లోంచి దీపశ్రీ కేక పెట్టింది. "అయిదు!"

ఫోన్లో మోటారు గుర్రుమంది. సుల్తానా కళ్ళు మూసుకుంది. గుర్రు గుర్రుమని, టక్కున ఆగిపోయింది.

"బాబాయ్?"

"బెత్తెడు లేచిందమ్మాయ్. పీకేశా. హ్యాండిలుతో దించుతున్నా. ఏందీ హడావుడి, ఎవరన్నా మంత్రి వస్తున్నాడా?"

వచ్చిన కమాండ్‌నే నమ్మి, పైన స్క్రీన్ నలభై ఆరు గేట్లూ బార్లా తెరుచుకున్నట్టు చూపిస్తోంది. కాలువల్లో మాత్రం ఆ బెత్తెడు నీళ్ళు తప్ప చుక్క కదల్లేదు. లాడ్జిలో ముగ్గురు విదేశీయులు వరద కోసం ఎదురు చూస్తుండగా దీపశ్రీ పోలీసులతో వెళ్ళి తలుపు తట్టింది.

అంతా సద్దుమణిగాక శ్రీహర్ష కంట్రోల్ రూమ్‌లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోటోలో నిలబడ్డట్టు కాదు.

"క్షమించమ్మా. సిగ్గుతో చచ్చిపోతున్నా."

"నన్ను తీసుకుపోయేటప్పుడు మీరు నా మొహం చూళ్ళేదు సార్. క్యాలెండర్ చూశారు." మధ్యాహ్నం నుంచీ అన్నా అన్న మనిషి ఇప్పుడు సార్ అంటోంది. మళ్ళీ తనే అంది, "మీ రాత మాత్రం చానా బాగుంటది."

చెంపదెబ్బ అయినా అంత నొప్పి పుట్టేది కాదు. స్పిరిటు, గుడ్డపీలికా తెప్పించుకుని రాక్ వెనక కూర్చుని గంటసేపు రుద్దాడు. పదేళ్ళు ఊరిన రాత, చెక్కుచెదరలేదు.

రిపోర్టులో ఇంటిదొంగ పేరు అన్న చోట తన పేరే రాసుకున్నాడు, విచారణకి సిద్ధమన్నాడు. చివర, జలనేత్రానికి ఏటేటా ఆగకుండా నిధులివ్వాలని, సుల్తానా ఉద్యోగం ఖాయం చెయ్యాలని గట్టిగా సిఫార్సు చేశాడు. రెండు వారాలకి సర్కారు నుంచి వచ్చిన జవాబుని తనే తీసుకుని నరసరావుపేట వెళ్ళాడు.

'అంతర్జాతీయ ముఠా దాడిని సమర్థంగా తట్టుకున్నందున ప్రస్తుత వ్యవస్థ సంతృప్తికరంగా ఉన్నట్టు తేలింది. కావున అదనపు నిధుల, సిబ్బంది అవసరం ఇప్పట్లో లేదు.'

సుల్తానా రెండుసార్లు చదివింది. సొరుగులోంచి గమ్ము సీసా తీసి, కాగితం నాలుగు మూలలా రాసి, క్యాలెండర్ తీసేసి రాక్ వెనక పాస్‌వర్డ్ మీద నీటుగా అంటించింది.

"పోన్లెండి సార్. వచ్చే ఏడు క్యాలెండర్ వెతుక్కునే పని తప్పింది."