బోణీ మాట నాకొద్దు

ప్రొఫెసర్ భీమశంకరరావు గారు పద్మకుమారికి ఇచ్చిన టెస్టిమోనియల్‌లో నాలుగు ముక్కలున్నాయి. వినయవతి, మితభాషిణి, పెద్దలంటే గౌరవం ఉన్నది, మంచి కుటుంబం నుంచి వచ్చినది. ఇంగ్లీషులో ఎంత సొగసుగా రాసినా తెలుగులో దాని అర్థం ఒక్కటే, ఈ పిల్లని కోడలిగా చేసుకోవచ్చునని.

పద్మకుమారి వెళ్ళదలచుకున్నది అత్తవారింటికి కాదు. కలకత్తాకి, సైకాలజీ ఎం.ఏ. చదవడానికి. స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు అది. విజయనగరంలో ఫిలాసఫీ బి.ఏ. చదివి క్లాసులో మొదటిది వచ్చింది. మొదటిది వచ్చిన సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అదే మాట ప్రొఫెసరు గారిని అడిగింది. ఆడపిల్లకి ఇంతకంటే ఏం రాయాలమ్మా అని ఆయన నవ్వారు. ఎవరి మీదా కోపం లేని నవ్వు అది, అందుకే మరీ మండింది. నమస్కారం పెట్టి వరండాలోకి వచ్చేసరికి ఆమె చెవులు వేడెక్కిపోయి ఉన్నాయి.

ఆ వరండాలోనే తన కాగితం చేత్తో పట్టుకుని ధర్మారావు నిలబడి ఉన్నాడు. శ్రీకాకుళం తాలూకా కచేరీలో గుమాస్తా గారి అబ్బాయి, క్లాసులో రెండోవాడు. అతనూ అదే కలకత్తాకి, అదే ఎం.ఏ.కి అప్లై చేస్తున్నాడు. ఆ కాలేజీలో ఆడపిల్లలు మాస్టారి వెనకే క్లాసులోకి వచ్చి, పక్క బెంచీ మీద కూర్చుని, మాస్టారి వెనకే వెళ్ళిపోవాలి. అందుకని రెండేళ్ళలో ఆ ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. చూపుల మీద మాత్రం ఏ రూలూ లేదు కనుక వాటి సంగతి వేరు.

"మీకేం రాశారు?" అంది పద్మకుమారి. అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

ధర్మారావు తడబడుతూ కాగితం ఇచ్చాడు. సూక్ష్మబుద్ధి, స్వతంత్రమైన ఆలోచన, పరిశోధనకు తగినవాడు అని ఉంది. ఆమె దాన్ని మడత చెడకుండా తిరిగి ఇచ్చింది.

"మీకు బుద్ధి ఉందట. నాకు వినయం ఉందట. సంతోషం."

అతను ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. ఇంకో చోద్యం కూడా వినమంది. అప్లికేషన్‌లో ఆడపిల్లలకి మాత్రం గార్డియన్ సంతకం కావాలట, మగవాళ్ళకి అక్కర్లేదట. రాజాంలో తన తండ్రి ఆ సంతకం ఛస్తే పెట్టడట. ఇంత చెప్పి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళాక గానీ తోచలేదు, రెండేళ్ళు దాచుకున్న మాటలన్నీ కోపంతోనే ఖర్చయిపోయాయని.

మర్నాడు ధర్మారావు ఆమె ఉంటున్న మేనత్త కూతురి ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో కొత్త టెస్టిమోనియల్ ఉంది. అందులో బుద్ధి ఉంది, స్వతంత్రమైన ఆలోచన ఉంది, క్లాసులో మొదటి స్థానం కూడా ఉంది. ఇద్దరికీ బుద్ధి రాయండి, లేదా ఇద్దరికీ వినయం రాయండి అని తాను ప్రొఫెసరు గారిని అడిగానని గర్వంగా చెప్పాడు. మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు పాపం.

"నేను నిన్న అంతసేపు నిలబడి అడిగితే రాయలేదు. మీరు వెళ్ళి ఒక్క మాట అడిగితే రాసేశారా?"

"మంచిపనే చేశాననుకున్నాను."

"చేశారు. అదే నా కోపం."

కాగితం చింపెయ్యాలనిపించింది ఆమెకి. కానీ గడువు దగ్గరపడింది. చింపలేనందుకు ఇంకాస్త కోపం వచ్చింది. ఆ కాగితంతోనే బస్సెక్కి రాజాం వచ్చేసింది.

రాజాంలో రంగనాథం షావుకారు గారి కొట్టు ముందు, ఇల్లు వెనక. బెల్లం, చింతపండు, కిరాణా సరుకులు అమ్ముతాడు. నలుగురిలో మెత్తని మనిషి, కూతురి మీద ప్రాణం. అయితే ఆ సంతకం మాట ఎత్తగానే వినబడనట్టు తక్కెడ తుడవడం మొదలెట్టేవాడు. కాదని అనడు, అవునని అనడు. అరిచి కాదంటే ఎదురు చెప్పొచ్చు. తక్కెడ తుడిచేవాడితో ఎలా దెబ్బలాడాలి?

ఇంట్లో ఆమె బాధ తెలిసిన మనిషి మేనత్త కూర్మమ్మ ఒక్కతే. మొగుడు పోయాక కూర్మమ్మ మాట మానేసింది. గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలిచి వేపమండలతో కొట్టించారు, మిరపకాయల పొగ పెట్టించారు. అప్పుడు పద్మకుమారి లంగా కట్టే పిల్ల. అత్త పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉండేది, ఏమీ అడిగేది కాదు. అలా ఎన్నాళ్ళకో ఒక మధ్యాహ్నం కూర్మమ్మ తనంతట తాను మొగుడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. వినేవాళ్ళుంటే మనసు తలుపు తీస్తుందని, ఆ వినడం కూడా ఒక చదువేనని పద్మకుమారికి కాలేజీలో చేరాక తెలిసింది. దెబ్బలు కొట్టిన చేతులకి ఆ చదువు ముందే ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మండుతుంది.

ఒకనాడు పొద్దున్నే, కొట్టు తలుపులు తీసి సాంబ్రాణి పొగ వేస్తున్న వేళ, వీధిలోంచి తెలిసిన గొంతు వినిపించింది. పద్మకుమారి వెనక గది తలుపు సందులోంచి చూసింది. ధర్మారావు. ముందురోజే వచ్చి సత్రంలో పడుకున్నట్టున్నాడు, చొక్కా నలిగిపోయి ఉంది. మీ అమ్మాయి కలకత్తా చదువుకి సంతకం పెట్టాలండీ అని ఆమె తండ్రిని బతిమాలుతున్నాడు. ఆమె తెలివి గురించి చెబుతున్నాడు, మొదటి స్థానం గురించి చెబుతున్నాడు. రంగనాథం షావుకారు చిరునవ్వుతో తలాడిస్తున్నాడు.

"అలాగే బాబూ, దానికేటి? శుభంగా సదువుకుంటాది."

ధర్మారావు ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో ఒక బెల్లం అచ్చు కూడా కొన్నాడు.

పద్మకుమారి పెరటి దారిన పరుగెత్తి సందు మొగలో అతన్ని పట్టుకుంది. అతను బెల్లం అచ్చు చూపిస్తూ, మీ నాన్నగారు ఒప్పుకున్నారన్నాడు.

"మీకంటే ముందు కొట్టులో బేరం ఎవరైనా చేశారా?"

"లేదు. నేనే మొదటివాణ్ణి."

"మీరూ షావుకార్ల ఇంటివారే కదా. బోణీ కాకుండా ఏ కొట్టులోనైనా కాదంటారా? బియ్యం అయిపోతే కూడా లేవనరు, నిండుకున్నాయంటారు. బోణీ వేళ వచ్చి మీరు ఏనుగునడిగినా మా నాన్న అలాగే బాబూ అంటారు."

 ధర్మారావు తాత నాడే కొట్టు మూతపడింది, తండ్రి గుమాస్తా. అతనికి లెడ్జర్లు తెలుసు గాని బోణీలు తెలియవు. అయితే ఇప్పుడే వెళ్ళి మళ్ళీ అడుగుతానన్నాడు.

"మీరు మళ్ళీ అడగరు" అంది ఆమె. "మొన్న నా బుద్ధి గురించి మీరడిగారు. ఇవాళ నా చదువు గురించి మీరడిగారు. అడిగేది మీరు, ఇచ్చేది వాళ్ళు. ఈ మధ్యలో నేనెక్కడున్నాను ధర్మారావు గారూ?"

అతనికి అప్పుడు తగిలింది. తలదించుకుని నిలబడ్డాడు. తప్పయిందండీ అన్నాడు గాని, తన తరఫున ఒక్క సంజాయిషీ కూడా చెప్పుకోలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి సర్దిచెప్పే మగవాళ్ళనే చూసిన పద్మకుమారికి ఆ మౌనం బాగా నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

కొట్టు జనంతో నిండేదాకా ఆగింది. ఆడపిల్లలు ఆ ఇంట్లో కొట్టు గడప దాటి ముందుకు రారు. పద్మకుమారి దాటింది. అప్లికేషన్ తీసుకొచ్చి తండ్రి ముందు గల్లాపెట్టె మీద పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళందరూ సంచులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"పొద్దున్న ఆ అబ్బాయికి మాటిచ్చారట నాన్నా. బోణీ మాట నాకొద్దు. ఇప్పుడు బోణీ అయిపోయింది. కాదంటే కాదని నా మొహం చూసి చెప్పండి. అవునంటే సంతకం పెట్టండి."

రంగనాథం షావుకారు తక్కెడ గుడ్డ అందుకున్నాడు. ఆమె ఆ గుడ్డ తీసి పక్కన పెట్టింది.

"ఏటమ్మీ ఇది, నలుగురిలో" అన్నాడాయన దీనంగా. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ సదువంటే నాకు కోపమేటి? పిచ్చోళ్ళ సదువంట కదా అది. ఆ ఇంట్లో పిచ్చి ఉన్నాది, అందుకే పిల్ల ఆ సదువుకెల్లినాది అంటారు. ఓ పాలి అత్తని సూసి అన్నారు. ఇంక నిన్ను కూడా అంటే నాను ఓర్సుకోలేను."

ఆ తక్కెడ తుడవడం వెనక ఇంత భయం ఉందని పద్మకుమారికి అంతవరకూ తెలియదు. జవాబు కోసం వెతుక్కుంటూ ఉంటే వెనక తలుపు చప్పుడైంది. కూర్మమ్మ వచ్చింది. పదేళ్ళుగా వీధి మొహం చూడని మనిషి తెల్లచీర కొంగు తల మీద లాక్కుని కొట్టు మధ్యలో నిలబడింది.

"పిచ్చి నాకేరా, దానికి కాదు" అంది తమ్ముడితో. "నాను మాటాడకపోతే నువ్వు ఏపమండలు తెచ్చినావు. అది నా పక్కన కూకున్నాది. నాను మనిసినయినాను. నాలాటోళ్ళు ఊరికొకరు ఉన్నారు. ఆళ్ళ పక్కన ఎవులు కూకుంటార్రా?"

 రంగనాథం షావుకారు అక్క వంక చూశాడు. వేపమండలు తెప్పించింది తనేనని ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారీ అనలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, కలం సిరాలో ముంచాడు. సంతకం కాస్త వంకరగా వచ్చింది. ఎక్కడ పెట్టమంటావు, ఇక్కడేనా అని పెట్టాక అడిగాడు.

వీధి అవతల అరుగు మీద ధర్మారావు బెల్లం అచ్చు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అంతా చూశాడు. పద్మకుమారి అతని వైపు చూసింది. ఈసారి కోపంగా చూడలేకపోయింది.

తొలకరి పడ్డాక కలకత్తా నుంచి ఇద్దరికీ సీట్లు వచ్చాయి. ఆ వారంలోనే రంగనాథం షావుకారు కబురుపెట్టి ధర్మారావుని ఇంటికి పిలిపించాడు. బయట వాన దంచుతోంది. పద్మకుమారి కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి తండ్రి గొంతు వినిపించి అక్కడే ఆగింది.

కలకత్తాకి ఇద్దరూ ఒకే రైల్లో వెళ్తారు గనుక ముందే మూడు ముళ్ళూ పడిపోతే తనకి నిద్ర పడుతుందని, నీకు సమ్మతమైతే మీ నాన్నతో మాట్లాడతానని ఆయన అంటున్నాడు.

పద్మకుమారి గుండె ఎగిరింది. అదే క్షణంలో ఒళ్ళు మండింది. ధర్మారావు అంటే ఆమెకి ఇష్టమే. ఆ సంగతి సందు మొగలో అతను తలదించుకున్ననాడే తేలిపోయింది. కానీ ఇప్పుడు అతను అలాగేనండీ అంటే జన్మలో క్షమించకూడదని నిశ్చయించుకుంది. 



"నాకు ఇష్టమేనండి, దాచను" అన్నాడు ధర్మారావు. "కానీ నన్నడిగితే సగమే అయినట్టు. ఆమె తరఫున మాట్లాడి ఇప్పటికి చాలా చీవాట్లు తిన్నాను. ఆమెనే అడగండి. వద్దంటే, నేను వేరే రైల్లో వెళ్తాను."

షావుకారు తెల్లబోయాడు. లోపల్నించి కూర్మమ్మ నవ్వు వినిపించింది. పద్మకుమారి గదిలోకి వచ్చి గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"ఎం.ఏ. అయ్యాక అడగమనండి నాన్నా. పెళ్ళాంగా కాదు, నా సీటులో నేను కూర్చోవడానికి వెళ్తున్నాను."

షావుకారు పైకి చూసి ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు. ధర్మారావు మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

"అప్పుడు అడిగితే కాదంటారేమో?" అన్నాడు మెల్లగా.

"కాదనేదాన్నయితే ఇప్పుడే అనేసేదాన్ని" అంది పద్మకుమారి. "ఈ ఇంట్లో కాదనడానికి మొహమాటపడనిది నేనొక్కదాన్నే."